తెలిసినవాళ్ళ పిల్ల

మోహనప్రియ చనిపోయిన సంగతి ఆమె తల్లికి పదిహేడో రోజున తెలిసింది. పదహారో రోజు చేయాల్సిన కర్మ అంతకు ముందు రోజే ముగిసిపోయింది.

అది ఆదివారం. పోర్ట్ క్లాంగ్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటులో పుష్పవల్లి ఉతికిన బట్టలు ఆరేసుకుంటోంది. వారంలో ఆరు రోజులు రేవు దగ్గరి గోడౌను కాంటీనులో వంట చేస్తుంది. ఇంటిపనికి ఆ ఒక్క రోజే. ఎవరో తలుపు తట్టారు. ఇనుప గ్రిల్లు అవతల ఒక ఆఫ్రికా ఆవిడ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. మోహనప్రియ తల్లివి నువ్వేనా అని మలయ్ భాషలో అడిగింది.

పుష్పవల్లి గ్రిల్లు తీయలేదు. ఆ పేరు ఎవరి నోటా విని తొమ్మిదేళ్ళయింది. ఏం పని మీద వచ్చావని అడిగింది. తన పేరు ఎఫువా అనీ, మీ అల్లుడి దేశమైన ఘనా నుంచే తానూ వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడ జడలల్లే దుకాణం నడుపుతున్నాననీ ఆవిడ చెప్పింది. లోపలికి పిలవాలా వద్దా అని పుష్పవల్లి తటపటాయిస్తుంటే, కూర్చోవడానికి రాలేదనీ, కూర్చున్నాక చెప్పడం ఇంకా కష్టమనీ అంది. అక్కడే నిలబడి చెప్పేసింది. డెంగీ జ్వరం. అయిదు రోజులు ఆస్పత్రిలో ఉంది. నాలుగో రోజు కాస్త తేరుకుని గంజి కూడా తాగింది. అయిదో రోజు తెల్లారేసరికి లేదు.

పుష్పవల్లి చేతిలో తడి తువ్వాలు ఉంది. దాన్ని పిండుతూ నిలబడిపోయింది. నీళ్ళు పాదాల మీద కారుతున్నా, ఆఖరికి నీళ్ళు రావడం ఆగిపోయినా పిండుతూనే ఉంది.

ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని ఆమె అడగలేదు. ఎఫువాయే చెప్పింది. బాగయ్యేదాకా అమ్మకి చెప్పొద్దని మోహనప్రియే అందట. పోయాక చూస్తే వాళ్ళ దగ్గరున్న ఫోన్ నంబరు పాతది. అల్లుడు ఎబోకి తెలిసిన ఇల్లు పాత ఊరు సుంగై సుమున్‌లోది. ఎఫువా అక్కడికి వెళ్ళింది. ఎస్టేటు కూలీల లైను ఇళ్ళు ఉండే చోట పామాయిల్ మొక్కలు తప్ప ఏమీ లేవు. రెండోసారి వెళ్ళినప్పుడు గుడి దగ్గర అప్పలసామి అనే ముసలాయన కనబడి, పుష్పవల్లి పోర్ట్ క్లాంగ్‌లో ఉందని చెప్పాడు. పదహారో రోజు లోపల తల్లిని చేరుకోవాలని ఎఫువా ఎంత తిరిగినా, ఒక్క రోజు తేడాలో అందలేదు.

దహనం ఎవరు చేశారని పుష్పవల్లి అడిగింది. ఎబోయే నిప్పు పెట్టాడనీ, ముగ్గురు పూజారులు రామంటే నాలుగో ఆయన వచ్చాడనీ, అన్నీ మీ పద్ధతిలోనే జరిపించామనీ ఎఫువా చెప్పింది. అస్థికలు సముద్రంలో కలపడానికి వ్యానులో అందరూ పోర్ట్ క్లాంగ్‌కే వచ్చారట. ఆ దారి ఏదో ఎఫువా చెబుతుంటే పుష్పవల్లికి అర్థమైపోయింది. తను పనిచేసే గోడౌను గేటు ముందు నుంచే ఆ వ్యాను వెళ్ళింది. మంగళవారం, పదకొండు గంటల వేళ. ఆ వేళకి తను పొయ్యి మీది సాంబారు దించి, మధ్యాహ్నం జనానికి అన్నం సర్దుతూ, కరివేపాకు తెమ్మంటే మరిచిపోయినందుకు ఎవరినో కసురుకుంటూ ఉండి ఉంటుంది.

వెళ్ళబోతూ ఎఫువా ఒక మాట చెప్పింది. మోహనప్రియకు కూతురుంది. ఏడేళ్ళు.

ఆ రాత్రి పుష్పవల్లి తినలేదు. మర్నాడు పనికి వెళ్ళింది, ఎందుకంటే ఇంట్లో కూర్చుంటే తొమ్మిదేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం తప్ప మరేదీ కళ్ళ ముందుకు రావడం లేదు.

అప్పట్లో సుంగై సుమున్‌లోనే ఉండేది. భర్త సూరిబాబు పోయి నాలుగేళ్ళు. ఒక్కగానొక్క కూతురు పోర్ట్ క్లాంగ్‌లో సరుకు రవాణా ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఒకరోజు చెప్పా పెట్టకుండా ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎబో. ఘనాలో సముద్రం ఒడ్డు ఊరివాడు, చదువుకోవడానికి వచ్చి ఇక్కడే పనిలో చేరాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. బొప్పాయిలున్న సంచీని రెండు చేతులతో అందించాడు. పుష్పవల్లి ఆ సంచీ అందుకోలేదు. మంచినీళ్ళు ఇవ్వలేదు. కూతురి వైపు తిరిగి తెలుగులో అంది.

"ఈ కాపిరోడు తప్ప నీకు నోకంలో మగోడే దొరకనేదా? ఈడు తొక్కిన గుమ్మం నాను కడుక్కోవాల."

నల్లవాళ్ళను తక్కువ చేసి అనే ఆ పాత మాట, ఆమె చిన్నప్పుడు ఎస్టేటులో పెద్దవాళ్ళు అనగా విన్నది. అతనికి తెలుగు తెలియదనుకుంది. ఎబో సంచీని మెల్లగా గోడవార పెట్టాడు.

"అత్తమ్మా, నాకు తెలుగు కొంచెం తెలుసు. మోహన నేర్పినాది" అన్నాడు.

కోపంగా అని ఉంటే బాగుండేది. అతను మామూలుగా అన్నాడు. ఆ తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు. పెళ్ళికి పిలుపు వచ్చింది, వెళ్ళలేదు. ఏడాది తర్వాత ఫోను వచ్చింది, కూతురి గొంతు వినగానే పెట్టేసింది. మళ్ళీ రాలేదు. పోర్ట్ క్లాంగ్‌కి మారాక ఫోన్ నంబరు కూడా మారింది.

పుష్పవల్లీ నలుపే. చిన్నప్పుడు ఎస్టేటు గుమాస్తా భార్య తన మల్లెచెట్టు మీద ఈ పిల్ల చెయ్యి పడితే పూలు మాడిపోతాయని నలుగురిలో నవ్వింది. టౌను బళ్ళో పక్కన కూర్చోవడానికి ఒప్పుకోని పిల్లలు ఉండేవారు. పసుపు, సెనగపిండి కలిపి తల్లి రోజూ ఒంటికి రుద్దేది. ఇవేవీ ఆమె మరిచిపోలేదు. మరిచిపోకుండానే ఆ మాట అంది. ఇప్పుడు కాంటీనులో ఉల్లిపాయలు తరుగుతూ తనని తాను అడుగుతున్నదల్లా అదే, మరిచిపోయి అన్నా ఇంత బాధ ఉండేది కాదేమో అని.

శనివారం సెలవు పెట్టి కొమ్యూటర్ రైలెక్కి రాజధానిలోని కేఎల్ సెంట్రల్ స్టేషన్‌లో దిగింది. ఎఫువా చెప్పిన చోటు బ్రిక్‌ఫీల్డ్స్‌లో పూలదండల దుకాణం మీది అంతస్తు. అందరూ దాన్ని రుమా సబ్తు అంటారు, శనివారపు ఇల్లు. పైకి రానిచ్చే ముందే ఎఫువా మెట్ల దగ్గర ఆపి ఒక షరతు పెట్టింది. అమ్మమ్మ వస్తోందని పాపకి తండ్రి ఇంకా చెప్పలేదు, కాబట్టి వెనక కూర్చో, నేనెవరో చెప్తానని ముందుకు రావద్దు. పుష్పవల్లి సరేనంది.

ఆ ఇల్లు ఎలా మొదలైందో తర్వాత్తర్వాత తెలిసింది. పదేళ్ళ కిందట ఒక ఆఫ్రికా విద్యార్థి జబ్బుచేసి పోతే, శవాన్ని అడిగే దిక్కులేక వారాల తరబడి అలాగే ఉంచేశారు. జడలు అల్లించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఎఫువా దుకాణంలో ఆ సంగతి చెప్పుకుని ఏడ్చారు. ఏడ్చి ఊరుకోలేదు. ఆఫ్రికా వాళ్ళకి ఇల్లు అద్దెకివ్వం అని బోర్డు పెట్టే ఊళ్ళో మనవాళ్ళని మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారని, సంఘం కట్టి, తలా కొంత వేసి ఒక నిధి పెట్టారు. నర్సులు, వంటవాళ్ళు, విద్యార్థులు, ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చి కాలు విరిగి ఆగిపోయినవాళ్ళు, అంతా అందులో వేసేవాళ్ళే, అవసరమైనప్పుడు తీసుకునేవాళ్ళే. ఒకసారి ఒక పెద్ద కంపెనీ సాయం చేస్తానని వచ్చి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీస్తామంది. మా పిల్లలు ఎవరి దయకీ బొమ్మలు కారని ఎఫువా వాళ్ళకి టీ ఇచ్చి పంపేసింది.

డబ్బుతో పాటే కథలు కూడా మొదలయ్యాయి. బళ్ళో కోతి అని పిలిపించుకుని వచ్చిన పిల్లకి కొత్త యూనిఫాం కొనిపెడితే సరిపోదు, తనెవరో చెప్పేవాళ్ళు కావాలని ఎఫువా వాదన. ప్రతి శనివారం ఒక పెద్దమనిషి తన ఊరి కథో, తన నాయనమ్మ కథో చెబుతారు. ఎవరి భాషలో వాళ్ళు చెప్పొచ్చు, తెలిసినవాళ్ళు తర్జుమా చేస్తారు. దాన్ని రికార్డు చేసి, చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చువేసి పిల్లలకి ఇస్తారు. మోహనప్రియ ఆఫీసు అయ్యాక ఆ పుస్తకాల పనే చూసేది.

పుష్పవల్లి వెనక చాప మీద కూర్చుంది. ఇరవై మంది దాకా పిల్లలు. తన మనవరాలు ఎవరో ఆమెకు ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. మోహనప్రియ చిన్నప్పుడు మోకాళ్ళు రెండు చేతులతో చుట్టుకుని ఎలా కూర్చునేదో అలాగే కూర్చుంది ఒక పిల్ల. తలనిండా సన్నని జడలు. ఆ రోజు కథ చెప్పాల్సిన పెద్దాయన రాలేదు. ఎవరు చెబుతారని ఎఫువా అడిగితే ఆ పిల్లే లేచింది.

"ముత్యాలూ, రా" అంది ఎఫువా.

ముత్యాలు, పుష్పవల్లి తల్లి పేరు.

పిల్ల మలయ్‌లో మొదలుపెట్టింది. మధ్యమధ్య, మాట చివర ఇక్కడి 'లా' తగిలిస్తూ, తెలుగులోకి జారిపోతోంది. అమ్మ చెప్పిన కథ అంది. "ఎస్టేట్‌లో ఒకటే మంచి సీర లా. పచ్చ సీర. చిరుగు బట్ట కట్టుకుని ఆస్పత్రికి ఎల్తే మందులిచ్చే డ్రెస్సర్ బయటే కూకోమంటాడు. అందుకని ఆడోళ్ళందరూ కలిసి కొన్నారు. ఎవళికి పాప పుడితే ఆళ్ళే కట్టుకోవాల." పురుడు పోసుకుని వచ్చినవాళ్ళు ఆ చీర ఉతికి, మడతపెట్టి, తర్వాతి వాళ్ళకి ఇవ్వాలట. ఆ చీరని దాచే పని తన పేరుగల ముత్యాలు తాతమ్మదట. తమిళ ఆడవాళ్ళూ కట్టుకున్నారు, ఒకసారి ఒక చైనా ఆవిడ కూడా కట్టుకుంది. ఆవిడకి చీర కట్టడం రాకపోతే తాతమ్మే కట్టి, ఆస్పత్రి దాకా వెంట నడిచింది.

"మా అమ్మమ్మ కూడా ఆ సీరలోనే పుట్టినాది" అని పిల్ల ముగించి, మళ్ళీ మలయ్‌లో కూడా చెప్పింది. అందరూ నవ్వారు.

ముందు వరసలో ఒక అమ్మాయి, మరి మీ అమ్మమ్మ ఎక్కడుందని అడిగింది. దూరంగా ఉందంది ముత్యాలు. అక్కడికి బస్సు లేదని అమ్మ చెప్పిందంది.

పుష్పవల్లి పైట నోట్లో కుక్కుకుని మెట్ల మీదికి వచ్చేసింది. తొమ్మిదేళ్ళు. తన కూతురు ఆ బిడ్డకి తన గురించి ఒక్క చెడ్డ మాట చెప్పలేదు. బస్సు లేదని మాత్రం చెప్పింది. కిందినుంచి మల్లెపూల వాసన వస్తోంది. గోడకి తల ఆనించి, చప్పుడు కాకుండా ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలియదు.

తర్వాతి వారం ఈవిడే అమ్మమ్మ అని ఎబో పాపకి చెప్పాడు. ముత్యాలు ఆమెను కాసేపు పరీక్షగా చూసి, బస్సు వేశారా అని అడిగింది. వేశారమ్మా అంది పుష్పవల్లి. అప్పటినుంచి ప్రతి శనివారం కాంటీనులో మధ్యాహ్నం వంట కాగానే బయల్దేరి వెళ్ళేది. వంటగదిలో ఎఫువా పక్కన నిలబడి అరటికాయలు చెక్కు తీసేది. పిల్ల వచ్చి కొంగు పట్టుకుని, అమ్మ ఇది తినేదా, అది ఆడేదా అని అడిగేది. అమ్మకి చీకటంటే భయమా అని ఒకరోజు అడిగింది. చాలా భయమనీ, లైటు వేసుకునే పడుకునేదనీ పుష్పవల్లి చెబితే, పిల్ల ఎంతో ఊరట పడినట్టు నాకూ భయమే అంది. ఎబో మాత్రం ఎక్కువ మాట్లాడేవాడు కాదు. అత్తమ్మా అని పిలిచేవాడు, కుర్చీ వేసేవాడు. ఆ మర్యాదకే ఆమెకు తల ఎత్తాలనిపించేది కాదు.

ఎబోకి ఈ దేశంలో ఉండే పాసు భార్య పేరు మీద వచ్చింది. ఆమె పోయాక దాన్ని పొడిగించలేదు. రెండు నెలల్లో వెళ్ళిపోవాలి. పాపని తీసుకువెళ్ళాలా, ఇక్కడ చదువు మాన్పించకుండా వదలాలా అని అతను నలిగిపోతున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజే పుష్పవల్లి ఎఫువాని అడిగింది, పిల్లని నాకు ఇప్పించమని. ఈ దేశంలో పుట్టిన పిల్ల, ఈ దేశపు తల్లికి పుట్టిన పిల్ల, నేను పెంచుకుంటానంది. ఇవ్వడానికి ఆ పిల్ల నాదీ కాదు, సంఘానిదీ కాదు, తండ్రినే అడుగు అంది ఎఫువా.

అడిగింది. ఎబో వెంటనే కాదనలేదు. మోహనకి కూడా అదే ఇష్టమై ఉండేదేమో అన్నాడు. ముందు ఒక ఆదివారం మీ ఇంటికి తీసుకెళ్ళండి, పాప ఎలా ఉంటుందో చూద్దాం అన్నాడు.

ఆ శనివారం పుష్పవల్లి కోడిమాంసం, చేపలు, పిల్లకి ఇష్టమని తెలిసిన సేమ్యాలు అన్నీ కొంది. మోహనప్రియ చిన్నప్పటి గౌను ఒకటి పెట్టె అడుగునుంచి తీసి ఇస్త్రీ చేసింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి పాపని తీసుకుని రైల్లో వచ్చింది. దారంతా ముత్యాలు కిటికీలోంచి కంటెయినర్లు లెక్కపెడుతూ, తప్పిపోయి మళ్ళీ మొదలుపెడుతూ వచ్చింది. ఫ్లాటు దగ్గర లిఫ్టు కోసం నిలబడ్డారు. తెలుగావిడే, ఆరో అంతస్తు చంద్ర, కూరగాయల సంచీతో వచ్చి నిలబడింది. పిల్లని కిందినుంచి పైదాకా చూసింది. జడలు చూసింది.

"ఎవలమ్మా ఈ పిల్ల?"

ఆ క్షణంలో తన నోట్లోంచి వచ్చిన మాట ఎక్కడినుంచి వచ్చిందో పుష్పవల్లి తర్వాత ఎన్ని వందల సార్లు వెతుక్కుందో. చంద్ర అంటే భయమా? లేదు. ఈ పిల్లంటే సిగ్గా? రాత్రి కూర్చుని ఆ పిల్ల కోసం గౌను ఇస్త్రీ చేసిన మనిషి. కానీ వచ్చేసింది.

"తెలిసినోళ్ళ పిల్ల లా. ఈ పూటకి సూడమన్నారు."

లిఫ్టు వచ్చింది. ముగ్గురూ ఎక్కారు. ముత్యాలు ఆమె చెయ్యి వదల్లేదు, లిఫ్టు తలుపు మీద వెలిగే అంకెల వైపు చూస్తూ నిలబడింది. పిల్ల వినలేదేమో, అర్థం కాలేదేమో అని పుష్పవల్లి ఆశపడింది. ఇంట్లోకి వెళ్ళాక చెప్పేద్దాం అనుకుంది. తర్వాత, అన్నం తిన్నాక చెప్దాం అనుకుంది. పిల్ల కుదురుగా కూర్చుని, పెట్టినదంతా తింది. గౌను వేస్తే వేయించుకుంది. ఏదీ అడగలేదు. తిన్న కంచం తనే తీసుకెళ్ళి సింకులో పెట్టి వచ్చింది.

"థాంక్యూ ఆంటీ" అంది.

సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు పిల్ల కంటెయినర్లు లెక్కపెట్టలేదు.

వారం తర్వాత శనివారపు ఇంట్లో, పిల్లలందరూ కింద ఐస్‌క్రీముకి వెళ్ళినప్పుడు, ఎబో ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"పాప నన్ను ఒకటి అడిగింది అత్తమ్మా. తెలిసినోళ్ళు అంటే ఏటి అని. నాకు వచ్చిన తెలుగులో అది మంచి మాటో చెడ్డ మాటో తెలీలేదు. మోహన ఉంటే దాన్ని అడుగుదును."

పుష్పవల్లి తల వంచుకుంది.

కోపంతో తీసుకుపోవడం లేదని అతను చెప్పాడు. అక్కడ తన తల్లి ఉంది, ఇద్దరు అక్కలున్నారు, ముత్యాలు వయసు పిల్లలు నలుగురున్నారు. ఇక్కడ ఉంచితే ప్రతి లిఫ్టు దగ్గరా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ఆ జవాబు కోసం పిల్ల ఎదురుచూస్తూ నిలబడాల్సి వస్తుంది అన్నాడు. ఈసారి అలా చెప్పనని ప్రమాణం చేస్తానంది పుష్పవల్లి. మీరు చెప్పరు, నాకు తెలుసు అన్నాడు ఎబో. కానీ పిల్ల అనుమానపడుతుంది అన్నాడు.

ఆమె వంటగదిలోకి వెళ్ళి ఎఫువా ముందు ఏడ్చింది. ఎఫువా స్టవ్వు ఆపి, ఏడవనిచ్చింది. ఓదార్చలేదు. ఇక్కడ చాలామంది ఏడుస్తారు, దానికి చోటుంది అంది. కానీ నీ దుఃఖం తీర్చడానికి ఆ బిడ్డని అడక్కు, దాని దుఃఖమే దానికి చాలు అంది. ఆ మాట కఠినంగా తోచింది. ఇంటికి వెళ్ళే రైల్లో అది నిజమని కూడా తోచింది.

ఎవరైనా దేశం వదిలి వెళ్ళేటప్పుడు శనివారపు ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తెలిసినవాళ్ళంతా కూర్చుని, తలా ఒక కథ చెప్పి పంపుతారు. వెళ్ళేది చిన్నపిల్లలైతే, ఆ కథలన్నీ వాళ్ళ పేరుతో ఒక పుస్తకంగా వేసి తర్వాత పంపిస్తారు. ఒకటే నియమం, నిజమే చెప్పాలి. ముత్యాలు వెళ్ళే ముందు శనివారం ఆ గది నిండిపోయింది. టిక్కెట్లు సంఘమే కొంది. ఉగాండా నుంచి వచ్చిన నర్సు, మోహనప్రియకి ఆఖరి రోజుల్లో తన చేత్తో తినిపించిన సంగతి చెప్పింది. ఒక కుర్రవాడు ఆమె తనకి ఉద్యోగం కోసం అర్జీ రాసిపెట్టి, ఎన్నిసార్లు తప్పు దిద్దిందో చెప్పాడు. ఎఫువా, ముత్యాలు పుట్టిన రోజున ఎంత వాన పడిందో చెప్పింది.

తర్వాత పుష్పవల్లి వైపు చూసింది. చెప్పనక్కర్లేదు, చెప్పాలనుంటేనే అంది. పుష్పవల్లి లేచి ముందుకు వెళ్ళి పాప ఎదురుగా నేల మీద కూర్చుంది. తెలుగులో చెప్తానంది. ఆ గదిలో మిగతా పెద్దవాళ్ళలో తెలుగు తెలిసినవాడు ఎబో ఒక్కడే. తర్జుమా చేస్తానని అతను పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"మీయమ్మ పుట్టినప్పుడు నాకు పదారు గంటలు నొప్పులు" అని మొదలుపెట్టింది. "మీ తాత లారీ కట్టించుకుని తెలుక్ ఇంతాన్ ఆస్పత్రికి తీసుకెళ్ళినాడు. ఆడపిల్ల, నల్లగా ఉందని నర్సు అన్నాది. నాకు ఏడుపొచ్చినాది. ఎందుకొచ్చినాదో అప్పుడు తెలీదు. నల్లగా ఉంటే ఏటవుతాదో నాకు తెలుసు కదా, అందుకు. కానీ దాన్ని ఎంత ముద్దుగా పెంచినానో దేవుడికి తెలుసు. అది పెద్దదయి మీ నాన్నని ఇంటికి తెచ్చినాది. నాను మీ నాన్నని కాపిరోడు అన్నాను."

ఎబో ఆ ముందు మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మాట దగ్గర ఆగాడు. గదిలో అందరూ ఎదురుచూస్తున్నారు. ఒకసారి నేల వైపు చూసి, ఆ మాటకి అర్థం ఏమిటో, అదే బరువుతో, తగ్గించకుండా చెప్పాడు. అతను పుష్పవల్లి వైపు తిరిగి, చెప్పండి అత్తమ్మా అన్నాడు.

"మంచినీళ్ళు ఇవ్వనేదు. గుమ్మం కడుక్కోవాల అన్నాను. మీయమ్మ ఫోన్ సేస్తే పెట్టేసినాను. తొమ్మిదేళ్ళు అది ఉన్నాదో నేదో అడగనేదు. బస్సు నేక కాదమ్మా. ఉంది బస్సు. నానే ఎక్కనేదు. మొన్న నిఫ్టు కాడ నిన్ను తెలిసినోళ్ళ పిల్లన్నాను. నువ్వు నా మోహనప్రియ కూతురివి. అది సెప్పడానికి నాకు నోరు రానేదు. తప్పు నీది కాదు, మీయమ్మది కాదు, మీ నాన్నది కాదు. నాది."

చివరి మాటలు ఎబో రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎఫువా అందుకుని పూర్తి చేయబోతే, వద్దని చెయ్యి ఎత్తి, తనే పూర్తి చేశాడు.

ముత్యాలు పరుగెత్తుకుని వచ్చి కావలించుకోలేదు. మోకాళ్ళు చుట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే అడిగింది.

"ఇది అమ్మకి సెప్పినావా?"

"నేదమ్మా."

"అయితే అమ్మకి తెలీదు."

"తెలీదు" అంది పుష్పవల్లి.

పిల్ల తల ఊపింది. లేచి వెళ్ళి తండ్రి ఒళ్ళో మొహం దాచుకుంది. అప్పుడే మొదటిసారి, తల్లి పోయిన ఈ నెలల్లో ఎవరూ వినని ఏడుపు ఏడ్చింది. ఆ గదిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దాని చుట్టూ కూర్చున్నారు. ఒకావిడ వాళ్ళ భాషలో సన్నగా ఏదో పాడింది. పుష్పవల్లి ఉన్నచోటే ఉంది. కాసేపటికి ఎఫువా వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, పక్కన నేల మీద కూర్చుంది.

వెళ్ళేటప్పుడు, పుస్తకంలో ఈ కథ చెప్పింది ఎవరని రాయాలని ఎఫువా ముత్యాలును అడిగింది. అమ్మమ్మ అని రాయమంది పిల్ల.

బుధవారం వాళ్ళు విమానమెక్కారు. ఆ రోజు పుష్పవల్లి కాంటీనులో నూట నలభై మందికి వండింది.

ఎబో మాట ఇచ్చినట్టే నెలకి రెండుసార్లు ఫోను చేస్తాడు. మొదట్లో ముత్యాలు మాట్లాడేది. సముద్రం ఎంత దగ్గరో, మేనత్త కూతురు తన జడలు ఎలా అల్లిందో చెప్పేది. మూడో నెలకి తెలుగు మాటల కోసం వెతుక్కోసాగింది. ఆ, ఉఁ, బాగున్నాను, అంతే. మొన్న సాయంత్రం ఫోను వచ్చినప్పుడు పాప ఆటలో ఉందనీ, పిలిచినా రావడం లేదనీ ఎబో నొచ్చుకుంటూ చెప్పాడు. పిలవొద్దంది పుష్పవల్లి. ఆడుకోనీమంది. ఫోను మాత్రం పెట్టెయ్యొద్దు, కాసేపు అలాగే ఉంచమంది.

అతను ఫోను కిటికీ దగ్గర పెట్టాడు. అవతల పిల్లలు అరుస్తున్నారు. ఒక గొంతు మిగతావాటికంటే పైకి వినబడుతోంది. ఆ భాషలో ఒక్క ముక్క పుష్పవల్లికి తెలియదు. ఎవరినో కేకేస్తోంది, వాదిస్తోంది, అంతలోనే పగలబడి నవ్వుతోంది. పొయ్యి మీద కూర అడుగంటుతున్న వాసన వస్తున్నా, ఫోను చెవికి అదుముకుని, కాంటీను వెనక మెట్ల మీద ఆమె అలాగే కూర్చుని వింది.